కంపెనీ మాటకు కాపలా

ఖరగ్‌పూర్‌లోని ఇందా పేట నుంచి అక్కడి ఐఐటీకి వెళ్లాలంటే రైలు పట్టాలు దాటి ఊరి అవతలి కొసకు పోవాలి. అక్కడ మెటలర్జీ చదివి 1993లో పట్టా అందుకున్న సుందర్ పిచాయ్, పాతికేళ్ల తర్వాత గూగుల్ అధిపతి హోదాలో ఒక హామీపత్రం రాశారు. తేదీ 2018 జూన్ 7. కృత్రిమ మేధతో తమ సంస్థ ఏం చేస్తుందో ఏడు సూత్రాల్లో చెప్పి, ఏం చేయదో నాలుగు ముక్కల్లో తేల్చారు. పెద్దయెత్తున హాని చేసే సాంకేతికత, మనుషుల్ని గాయపరిచే ఆయుధాలు, అంతర్జాతీయ ప్రమాణాలను మీరే నిఘా, మానవ హక్కులకు విరుద్ధమైన పనులు: ఈ నాలుగింటి జోలికీ పోబోమన్నారు.

ఆ పత్రం ఊరికే పుట్టలేదు. అమెరికా రక్షణ శాఖ 'ప్రాజెక్ట్ మేవెన్' కోసం, డ్రోన్లు తీసిన వీడియోల్లో ఏముందో కంప్యూటరు చేత గుర్తుపట్టించే పనికి గూగుల్ ఒప్పుకుంది. యుద్ధ వ్యాపారం మనకొద్దంటూ వేలమంది ఉద్యోగులు లేఖ మీద సంతకాలు పెట్టారు. కొందరు ఉద్యోగాలే వదిలేశారు. కాంట్రాక్టు పొడిగించబోమని కంపెనీ జూన్ మొదట్లో ఒప్పుకుంది. వారం తిరక్కుండానే సూత్రాలు వెలువడ్డాయి.

2025 ఫిబ్రవరి 4న ఆ నాలుగు ముక్కలూ తీసేశారు. ప్రపంచంలో పోటీ పెరిగిందనీ, ఈ రంగంలో ప్రజాస్వామ్య దేశాలే ముందుండాలనీ సమర్థించుకున్నారు. అందుకు ఎవరి అనుమతీ అవసరం పడలేదు. రాసింది కంపెనీయే, చెరిపిందీ కంపెనీయే. ప్రజలకిచ్చిన మాటను కంపెనీ ఇలా చెరిపేసుకోకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఇప్పుడిప్పుడే తయారవుతోంది. అది ఎలా రూపు కడుతోందన్నదే ఈ కథ.

పట్టాల పాఠం

ఖరగ్‌పూర్‌కు ఈ చిక్కు కొత్త కాదు. ఈ ఊరిని నిలబెట్టిందే ఒక కంపెనీ. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్లు ఇక్కడికి వలస వచ్చింది, 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసమే.

రైలు కంపెనీలను ప్రజాప్రయోజనానికి కట్టి ఉంచే ప్రయత్నం అంతకంటే ముందే, 1849 ఒప్పందాలతో మొదలైంది. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి సర్కారు పూచీ పడింది. బదులుగా లండన్‌లోని కంపెనీ బోర్డులో సర్కారు తరఫు డైరెక్టరు ఒకరు కూర్చునేవారు, ఆయనకు వీటో అధికారం ఉండేది. అయినా దుబారా ఆగలేదు. లాభం రాకపోయినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది, లోటు మన పన్నుల్లోంచి పూడుతుంది. అలాంటప్పుడు పొదుపు ఎవరికి కావాలి?

1890 రైల్వే చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఒక సరుకుదారుకు అనుచితంగా మేలు చేసి, మరొకరిని చిన్నచూపు చూడకూడదంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మెకట్టారు. ఆ రైల్వే కార్మికోద్యమాన్ని నడిపిన వారిలో, తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి ఒకరు. రైల్వేలను సర్కారే నడపాలని ఆక్వర్త్ కమిటీ 1921లోనే చెప్పినా, బెంగాల్ నాగపూర్ రైల్వే సర్కారు చేతికి వచ్చింది మాత్రం 1944 అక్టోబరు 1న. బోర్డులో కాపలాదారు, బయట చట్టం, లోపల పనివాళ్ల ఒత్తిడి: ఇవి ఒకదాని వెనక ఒకటి సమకూరడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. కృత్రిమ మేధ కంపెనీలు అదే దారిని పదేళ్లలో నడిచాయి.

ధర్మానికి రాసిచ్చిన ఆస్తి

2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓపెన్‌ఏఐ లాభాపేక్ష లేని సంస్థగా పుట్టింది. విరాళాలు ప్రకటించినవారిలో శామ్ ఆల్ట్‌మన్, ఇలాన్ మస్క్‌లతోపాటు మన ఇన్ఫోసిస్ కూడా ఉంది. వాటాదారులకు కాక మానవాళికి మేలు చేయడమే ధ్యేయమని చాటారు. 2019లో డబ్బు అవసరం పెరిగి, కింద ఒక లాభాల కంపెనీ పెట్టారు. తొలి పెట్టుబడిదారుకు రూపాయికి వంద రూపాయలు దాటి ముట్టకూడదని పరిమితి పెట్టారు. మిగిలేది పైనున్న ధర్మసంస్థకే. ఆ ఏడే సత్య నాదెళ్ల నాయకత్వంలోని మైక్రోసాఫ్ట్ 100 కోట్ల డాలర్లు పెట్టింది.

కాపలా బాధ్యత ధర్మసంస్థ బోర్డుది. 2023 నవంబరు 17న ఆ బోర్డు ఆల్ట్‌మన్‌ను తీసేసింది. రెండు రోజులు గడవగానే ఆయన్ని మైక్రోసాఫ్ట్‌లోకి తీసుకుంటామని నాదెళ్ల ప్రకటించారు. 700 మందికి పైగా ఉద్యోగులు మేమూ వెళ్లిపోతామని సంతకాలు చేశారు. ఐదు రోజుల్లో ఆల్ట్‌మన్ తిరిగొచ్చారు, బోర్డే మారిపోయింది. కాగితం మీద బోర్డుకు పూర్తి అధికారం ఉంది. డబ్బూ మనుషులూ మాత్రం అవతలి పక్క ఉన్నారు.

2024 మే నెలలో మరో సంగతి బయటపడింది. సంస్థ వదిలి వెళ్లేవారు దాన్ని ఎన్నడూ విమర్శించబోమని ఒప్పందం రాసివ్వాలి. కాదంటే అప్పటికే సంపాదించుకున్న వాటాలు పోయే ప్రమాదం ఉండేది. అలా వెళ్లిపోయిన ఉద్యోగి డేనియల్ కొకొటాజ్లో సంతకం చేయనన్నారు. గొడవ ముదిరాక కంపెనీ ఆ షరతును ఎత్తేసింది. మాట తప్పారో లేదో లోపలివాళ్లకే తెలుస్తుంది, వాళ్ల నోరే నొక్కేస్తే బయటివాళ్లకు ఆచూకీ దొరకదు.

అదే ఏడాది డిసెంబరులో లాభాల కంపెనీ మీద ధర్మసంస్థ అదుపును సడలించే పథకం బయటికొచ్చింది. అక్కడే పాత చట్టం పనికొచ్చింది. మన ధర్మాదాయ శాఖ సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఇది తేలిగ్గా బోధపడుతుంది. గుడికి రాసిచ్చిన మాన్యాన్ని ధర్మకర్త తన ఇష్టానికి అమ్ముకోలేడు. అమెరికాలోనూ ధర్మసంస్థ ఆస్తి ధర్మానికే చెందాలి. దానికి కాపలా రాష్ట్ర అటార్నీ జనరల్‌ది. ఓపెన్‌ఏఐ రిజిస్టరైంది డెలావేర్‌లో, పని చేసేది కాలిఫోర్నియాలో. అంటే ఇద్దరు కాపలాదారులు: డెలావేర్‌లో కాథీ జెన్నింగ్స్, కాలిఫోర్నియాలో రాబ్ బోంటా.

పౌరసంఘాలకు పాత ఉదాహరణ ఒకటి చేతికందింది. లాభాపేక్ష లేని ఆరోగ్య బీమా సంస్థ 'బ్లూ క్రాస్ ఆఫ్ కాలిఫోర్నియా' లాభాల బాట పట్టినప్పుడు, 1996లో దాని ఆస్తి విలువ 300 కోట్ల డాలర్లకు పైగా రెండు కొత్త ధర్మసంస్థలకు చేరింది. అదే సూత్రం ఇక్కడా వర్తించాలని పౌరసంఘాలు పట్టుబట్టాయి. 2025 ఏప్రిల్‌లో మాజీ ఉద్యోగులూ, న్యాయశాస్త్ర ఆచార్యులూ అటార్నీ జనరళ్లకు బహిరంగ లేఖ రాశారు. మే 5న, అదుపు ధర్మసంస్థ చేతిలోనే ఉంటుందని ఓపెన్‌ఏఐ వెనక్కి తగ్గింది.

అక్టోబరు 28న ఒప్పందం కుదిరింది. ధర్మసంస్థకు దాదాపు 26 శాతం, మైక్రోసాఫ్ట్‌కు దాదాపు 27 శాతం వాటా దక్కాయి. జికో కోల్టర్ అధ్యక్షతన ఉన్న భద్రతా కమిటీ, ప్రమాదకరమనుకున్న మోడల్ విడుదలను ఆపగలదు. కోల్టర్ ధర్మసంస్థ బోర్డులోనే ఉంటారు, లాభాల కంపెనీ బోర్డులో పరిశీలకుడు మాత్రమే. పాలనలో పెద్ద మార్పులు తలపెడితే ముందుగా అటార్నీ జనరల్‌కు నోటీసు ఇవ్వాలి. వందరెట్ల పరిమితి మాత్రం పోయింది. దీన్ని సగం గెలుపే అనాలి.

హామీ చట్టమైన రోజు

ఈ కాపలా ధర్మసంస్థగా పుట్టిన కంపెనీకే చెల్లుతుంది. మొదటినుంచీ లాభాలకే పుట్టిన కంపెనీల సంగతేమిటి? 2023 జులై 21న అమెజాన్, ఆంత్రోపిక్, గూగుల్, ఇన్‌ఫ్లెక్షన్, మెటా, మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐ వైట్‌హౌస్‌లో భద్రతా హామీలు ఇచ్చాయి. 2024 మేలో సియోల్‌లో 16 కంపెనీలు ఇలాంటివే ప్రకటించాయి. అన్నీ స్వచ్ఛందమే, తప్పితే శిక్ష లేదు.

ఏఐ భద్రతపై కాలిఫోర్నియా సెనేటర్ స్కాట్ వీనర్ తెచ్చిన మొదటి బిల్లును గవర్నర్ న్యూసమ్ 2024 సెప్టెంబరు 29న తిప్పి పంపారు. వీనర్ దారి మార్చారు. మీరు ఇలా ఉండాలని కంపెనీలకు చెప్పడం మాని, మీ భద్రతా ప్రణాళికను మీరే ప్రకటించండి, ప్రకటించినట్టే నడవండి అన్నారు. ఎస్‌బీ 53 పేరుతో వచ్చిన ఆ బిల్లుపై, సరిగ్గా ఏడాదికి అదే తేదీన న్యూసమ్ సంతకం పెట్టారు. 2026 జనవరి 1 నుంచి అమలు. ఏటా 50 కోట్ల డాలర్లకు మించి రాబడి ఉన్న అతిపెద్ద కంపెనీలు భద్రతా ప్రణాళిక ప్రచురించాలి. తీవ్రమైన ఘటన జరిగితే 15 రోజుల్లో ప్రభుత్వానికి చెప్పాలి. ప్రమాదం గురించి అబద్ధం చెప్పకూడదు. తప్పు బయటపెట్టిన ఉద్యోగిని వేధించకూడదు. ఉల్లంఘనకు 10 లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆ కంపెనీల ఆదాయం ముందు ఇది లెక్కలోది కాదు. అయినా సొంతంగా రాసుకున్న మాటకు కోర్టులో జవాబు చెప్పాల్సి రావడం ఇక్కడ కొత్త.

మన దేశంలో 2025 నవంబరులో వెలువడిన ఏఐ పాలనా మార్గదర్శకాలు, ఇప్పటికి ప్రత్యేక చట్టం అక్కర్లేదనీ, స్వచ్ఛంద చర్యలతో మొదలుపెడదామనీ అన్నాయి. ఎదుగుతున్న రంగానికి ఆ ఓపిక సబబే కావచ్చు. కానీ పైన చెప్పిన అమెరికా కంపెనీల్లో పెద్దవాటికి హైదరాబాదులో భారీ క్యాంపస్‌లున్నాయి, వేలమంది తెలుగు ఇంజినీర్లున్నారు. హామీ తప్పిన సంగతి అందరికంటే ముందు కనిపించేది అలాంటివాళ్లకే. మన విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం 2014లో పార్లమెంటు దాటినా అమల్లోకి రాలేదు, వచ్చినా అది ప్రభుత్వోద్యోగుల అవినీతి మీద ఫిర్యాదులకే. కంపెనీల చట్టం కోరే ఫిర్యాదుల ఏర్పాటు కంపెనీ గోడల లోపలే నడుస్తుంది. పెద్ద చట్టం కోసం ఇంకొన్నాళ్లు ఆగినా, బయటికి చెప్పే ఇంజినీరు ఉద్యోగానికి పూచీ పడే చిన్న చట్టానికి మాత్రం ఎదురుచూడాల్సిన పని లేదు.