వింటర్వల్ ఖిస్సా: ఎవరి దిల్ నొచ్చుకుంది?

డిసెంబర్ వచ్చిందంటే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా తిరుగుతుంది. మొదట ఎవరు రాశారో తెలీదు, పోయినేడు వచ్చిందే ఈ ఏడూ వస్తుంది. ఇంగ్లాండులో ముస్లింలు నొచ్చుకుంటారని క్రిస్మస్ పేరే తీసేశారట, దానికి బదులు ‘వింటర్వల్’ అని పెట్టారట. మా వాళ్లలో కొందరు దీన్ని ఫఖ్ర్‌తో పంపుతారు, చూశారా మన తాకత్ అన్నట్టు. అదే మెసేజ్‌ని ఆఫీసులో నా పక్క సీటు అన్న ఒకరోజు గుస్సాగా నా ముందు పెట్టాడు. “ఏం భాయ్, మేం మా పండగ పేరు చెప్పుకున్నా మీవాళ్లకి కష్టమేనా?” అన్నాడు. ఆయన క్రిస్టియన్. చెడ్డవాడు కాదు. రంజాన్ నెలంతా నా ఎదురుగా టీ తాగకుండా కిందికెళ్లి తాగొచ్చే మనిషి. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. జవాబ్ చెబుదామంటే అస్లీ సంగతి నాకూ తెలీదు. ఆ రాత్రి నుంచి కూర్చుని తారీఖ్ తిరగేశాను.

ముందు వింటర్వల్ ఖిస్సా చూద్దాం.

బర్మింగ్‌హామ్ ఇంగ్లాండులో లండన్ తర్వాత పెద్ద షహర్. ఒకప్పుడు కార్ఖానాల ఊరు. కార్ఖానాలు మూతబడ్డాక షహర్ నడిబొడ్డు బోసిపోయింది. 1990లు వచ్చేసరికి అక్కడి కౌన్సిల్ ఆ నడిబొడ్డుకి మరమ్మతు చేసి, చౌక్‌లు తీర్చిదిద్ది, కొత్త హాళ్లు కట్టింది. కట్టగానే జనం వచ్చేస్తారా? పైగా చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే దేశం. ఇళ్లలో హీటర్ల ముందు కూర్చున్న జనాన్ని బజారుకి రప్పించాలి. ఆ మూడు నెలల్లో ఊళ్లో జరిగే తమాషాలన్నిటికీ విడివిడిగా ప్రచారం చేసే కంటే ఒకే పేరు కింద చేస్తే ఖర్చు తక్కువ అనుకున్నారు. వింటర్, ఫెస్టివల్ రెండూ కలిపి వింటర్వల్ అన్నారు. 1997 నవంబర్ నుంచి డిసెంబర్ చివరి దాకా ఒకసారి, 1998 అక్టోబర్ నుంచి 1999 జనవరి దాకా ఇంకోసారి. దివాలీ, ఐసు మీద జారే ఆటలు, నాటకాలు, క్రిస్మస్ దీపాలు, కొత్త సంవత్సరం రాత్రి బాణసంచా, అన్నీ ఆ పేరు కిందే.

అంతే. మన దగ్గర బట్టల దుకాణం వాళ్లు దసరా, దీపావళి, సంక్రాంతి కలిపి ‘పండగల ఆఫర్’ అని బోర్డు కడతారు చూడండి, అలాంటిదే. ఆ బోర్డు కట్టినంత మాత్రాన సంక్రాంతిని రద్దు చేసినట్టా?

క్రిస్మస్ పేరు తీసేశారా అంటే, కౌన్సిల్ హౌస్ ముందు ‘మెరీ క్రిస్మస్’ అని పెద్ద బ్యానర్ కట్టే ఉంది. చౌక్‌లలో క్రిస్మస్ చెట్లు ఉన్నాయి. బడి పిల్లలు క్యారల్స్ పాడారు. లార్డ్ మేయర్ పంపిన కార్డులో కూడా క్రిస్మస్ ముబారక్ అనే ఉంది. ఇంకేం కావాలి?

1998 నవంబర్‌లో బర్మింగ్‌హామ్ బిషప్ మార్క్ శాంటర్‌కి ఈ పేరు రుచించలేదు. క్రిస్మస్ అనడానికి మొహమాటపడుతున్నారా అని తన పాదరీలకు రాసిన లేఖలో అడిగాడు. అడగడం ఆయన హక్. ఒక మతపెద్దకి తన పండగ పేరు పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించాలని ఉండటంలో తప్పేముంది? రంజాన్‌ని ఎవరైనా ‘ఖజూరాల సీజన్’ అంటే మన హజ్రత్‌లు ఊరుకుంటారా? కానీ అఖ్బార్లు దాన్ని ఎత్తుకున్నాక కథ మారిపోయింది. పేరు నచ్చలేదన్నది పేరు మార్చారు అయింది. పేరు మార్చారు అన్నది పండగ రద్దు చేశారు అయింది. ఎందుకు రద్దు చేశారు? వేరే మజహబ్‌ల వాళ్లు నొచ్చుకుంటారని. ఏ మజహబ్? బర్మింగ్‌హామ్‌లో మీర్పూర్ నుంచి వెళ్లిన ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు కదా, ఇక వేరే పేరు ఎందుకు చెబుతారు!

ఇందులో నాకు బాధ కలిగించిన సంగతి ఒకటే. ఆ రెండేళ్లలో మాకు క్రిస్మస్ పేరు వద్దని అర్జీ పెట్టిన ముస్లిం జమాత్ పేరు ఈ కథ రాసినవాళ్లు ఎవరూ చూపించలేదు. ఫిర్యాది లేని దావా ఇది. ముల్జిమ్‌గా మాత్రం మనల్ని నిలబెట్టారు. అక్కడి ముస్లింలకీ ఈ నింద భరించలేనంతగా అయింది కాబోలు, 2006లో క్రిస్టియన్లు, ముస్లింలు కలిసి నడిపే ఒక ఫోరం బహిరంగంగా ఒక మాట చెప్పింది. పండగల్లోంచి మజహబ్‌ని తీసేసి దానికి మా పేరు వాడుకోకండి, మాకు లేని ఎజెండా మా మీద రుద్దకండి, దీనివల్ల లాభపడేది నఫ్రత్ పెంచేవాళ్లే అని ఆ మాట సారాంశం.

2011 నవంబర్‌లో డైలీ మెయిల్ పత్రిక తన తప్పు ఒప్పుకుని సవరణ వేసింది. క్రిస్మస్‌కి వింటర్వల్ బదులు పేరు కాదని, దాన్ని తీసేయనూ లేదని స్పష్టం చేసింది. అసలు సంగతి జరిగి పదమూడేళ్లయ్యాక! ఝూట్ మొదటి పేజీలో వస్తుంది, సవరణ లోపలి పేజీలో మూలన వస్తుంది. మా గ్రూపులో తిరిగే మెసేజ్‌లో ఆ సవరణ ఇంతవరకు చేరలేదు.

మరి క్రిస్మస్‌ని నిజంగా ఆపినవాళ్లు ఎవరూ లేరా? ఉన్నారు. వాళ్లు పక్కా క్రిస్టియన్లు. 1640లలో ఇంగ్లాండ్ పార్లమెంటు మీద ప్యూరిటన్ల పట్టు ఉండేది. డిసెంబర్ 25 అని ఇంజీల్‌లో ఎక్కడా లేదు, తాగి తందనాలాడటానికి ఇదొక బహానా అని వాళ్ల వాదన. 1647లో ఆ పండగని రద్దు చేస్తూ హుకుం ఇచ్చారు. కాంటర్‌బరీలో జనం తిరగబడ్డారు. సముద్రం అవతల మసాచుసెట్స్‌లో 1659లో చట్టమే చేశారు: క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జుర్మానా. 1681 దాకా ఆ చట్టం ఉంది. స్కాట్లాండ్‌లో క్రిస్మస్‌కి సర్కారీ సెలవు వచ్చింది 1958లో! మిలాద్ ఊరేగింపు గురించి మన మస్జిదుల్లో బిద్అత్ అవునా కాదా అని జరిగే బహస్ మీకు గుర్తొస్తోంది కదా? నాకూ అదే గుర్తొచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పెద్దమనుషులు ఉంటారు.

పేరు లేకుండా ముబారక్ చెప్పడం కూడా కొత్తది కాదు. మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన అచ్చు వేయించాడు. అందులోనే క్రిస్మస్‌తోపాటు కొత్త సంవత్సరం కూడా ఉంది. రెండు సంతోషాలు వారం తేడాలో వస్తాయి కాబట్టి తర్వాత వచ్చిన కార్డుల్లో రెంటికీ కలిపి ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అనే మాట స్థిరపడింది. (ఆ మొదటి కార్డు మీద కూడా ఇత్‌రాజ్ వచ్చింది. మజహబ్ గురించి కాదు, బొమ్మలో ఒక చిన్నపిల్లకి వైన్ తాగిస్తున్నారని!) ఇక హాలిడే అన్న మాట పుట్టిందే పవిత్ర దినం అనే అర్థంతో. ‘హ్యాపీ హాలిడేస్’ అంటే దేవుణ్ని బయటికి పంపినట్టు అనేవాళ్లు ఆ మాట లోపల ఏముందో చూసుకోరు.

అమెరికాలో ఈ గొడవ పాతదే. నింద మోసేవాళ్లే మారుతూ వచ్చారు. 1920లలో కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ తన పత్రికలో యూదుల మీద వరసగా విషం కక్కించాడు. క్రిస్మస్ కార్డుల్లో ఏసు పుట్టుక ఊసే కనిపించడం లేదన్న ఫిర్యాదు అందులో ఒకటి. 1927లో ఆయన క్షమాపణ చెప్పాడు. 1959లో జాన్ బర్చ్ సొసైటీ వాళ్లు కరపత్రం వేసి అదే నేరం కమ్యూనిస్టుల మీద, ఐక్యరాజ్యసమితి మీద వేశారు. తమాషా ఏంటంటే అంతకు ముందే, 1953లో, ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్ కార్డు మీద ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అనే ఉంది. ఆయన ఫౌజీ జనరల్, రిపబ్లికన్. అప్పుడు దాన్ని పెద్ద రగడ చేసినవాళ్లు లేరు. 2005లో జార్జ్ బుష్ కార్డు మీద బైబిల్ వాక్యం ఉన్నా, క్రిస్మస్ అనే మాట బదులు హాలిడే సీజన్ అని ఉందని ఆయన సొంత మద్దతుదారులే మండిపడ్డారు. మధ్యలో మారింది కార్డు కాదు, చదివేవాళ్ల మిజాజ్.

క్రిస్టియన్లు ప్రాణంగా పాడుకునే ‘వైట్ క్రిస్మస్’ పాట రాసింది ఇర్వింగ్ బెర్లిన్. రష్యా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన యూదు కుటుంబం బిడ్డ. 1942లో వచ్చిన అదే సినిమాలో ‘హ్యాపీ హాలిడే’ పాట కూడా ఆయనదే. రెండూ ఒకే కలం నుంచి వచ్చాయి, ఒకదాన్నొకటి కొట్టుకోలేదు.

మన వంతు కూడా వచ్చింది. అమెరికా తపాలా శాఖ 2001 సెప్టెంబర్ 1న మొదటిసారి ఈద్ స్టాంపు తెచ్చింది. నీలం మీద బంగారు రంగులో ‘ఈద్ ముబారక్’ అని ఖత్తాత్ మొహమ్మద్ జకరియా రాశాడు. పదిరోజులకే న్యూయార్క్‌లో ఆ ఘోరం జరిగింది. స్టాంపుని వాపసు తీసుకోమని ఆవాజులు లేచాయి. తపాలా శాఖ తీసుకోలేదు, తర్వాతి ఏడు మళ్లీ అచ్చు వేసింది. ఒక పండగ పేరు చెబితే ఇంకొకరు నొచ్చుకోవడం అంటే ఏమిటో ఆ రోజుల్లో అక్కడి మనవాళ్లకి బాగా తెలిసింది.

ఇక ఇటు మన గడ్డ మీదికి వద్దాం. అందరికీ సరిపోయే పలకరింపు మన తహ్జీబ్‌కి పరాయిదా? ‘ఆదాబ్’ ఏంటి మరి? అదబ్‌కి బహువచనం ఆదాబ్, అంటే మర్యాదలు. సలాంలో దుఆ ఉంది, నమస్కారంలో వాళ్ల మజహబ్ వాసన ఉందనుకునేవాళ్లు ఉన్నారు. కుడిచేయి నుదుటి దాకా ఎత్తి, కొంచెం వంగి ఆదాబ్ అంటే ముస్లిం, కాయస్థుడు, పార్సీ అందరికీ సరిపోయేది. హైదరాబాద్‌లో, లక్నోలో కొన్ని తరాలు దాంతో గడిచాయి. మా నానా గారు మస్జిద్‌లో సలాం, కచేరీలో ఆదాబ్ అనేవారని అమ్మీ చెబుతుంది. ఆదాబ్ అన్నందుకు సలాం తగ్గిపోయిందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు ఆదాబ్ వినిపించడమే తక్కువైంది. అటువైపు వాళ్లకి అది మరీ ముస్లిం మాట, ఇటువైపు కొందరికి అది చాలినంత ముస్లిం మాట కాదు!

2021 అక్టోబర్‌లో ఫ్యాబ్ ఇండియా వాళ్లు కొత్త బట్టలకు ‘జష్న్-ఎ-రివాజ్’ అని పేరు పెట్టారు. దీపావళికి ఉర్దూ పేరేమిటని బెంగళూరు ఎంపీ తేజస్వి సూర్య మండిపడ్డాడు. కంపెనీ ఆ పోస్టు తీసేసింది, అది దీపావళి బట్టల పేరు కాదని వివరణ ఇచ్చుకుంది. రివాజు అనే మాట తెలుగు నిఘంటువుల్లో ఉంది, ఉర్దూ ఒక్క ముక్క రాని రైతు కూడా “మా ఊరి రివాజు” అంటాడు. ఇక్కడ కూడా పేరు మార్చింది మనం కాదు, మాట మాత్రం మన మీదికే వచ్చింది. చదువుతుంటే నాకు మళ్లీ బర్మింగ్‌హామే కనిపించింది.

మన ఇంటి సంగతి చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. ‘మెరీ క్రిస్మస్’ అనకూడదని మనలో ఉలమా ఉన్నారు. ఇమాం ఇబ్న్ తైమియా, ఆయన షాగిర్ద్ ఇబ్న్ ఖయ్యిం గట్టిగా వద్దన్నారు. ఈ కాలంలో యూరప్ ఫత్వా కౌన్సిల్ ఆలింలు, వాళ్ల ఇబాదత్‌లో పాలుపంచుకోనంత వరకు పొరుగువాళ్లకి ముబారక్ చెప్పవచ్చన్నారు. సూరా ముమ్తహనా 8వ ఆయత్, మనతో దీన్ విషయంలో యుద్ధం చేయనివాళ్లతో మంచిగా, న్యాయంగా ఉండటం గురించి. సూరా నిసా 86వ ఆయత్, పలకరింపుకి అంతకన్నా మంచి పలకరింపుతోగానీ, కనీసం అలాంటిదానితోగానీ జవాబ్ ఇవ్వడం గురించి. నేను ఆలింని కాదు, ఫత్వా ఇవ్వను. మొదటి మాట పాటించేవాళ్లకి ‘సీజన్స్ గ్రీటింగ్స్’ పనికొచ్చే తలుపు. ఎదుటివాడి దిల్ నొప్పించకుండా తన ఈమాన్ కాపాడుకోవచ్చు. అలాంటి తలుపుని మూసేయమనేవాళ్లకి ఏం లాభమో నాకు తెలీదు.

నా వరకు ఒక ఫిర్యాదు ఉంది, అది పేరు లేని పలకరింపు మీదే. షహర్ మొత్తానికి బ్యానర్ కట్టేవాడు, వెయ్యిమందికి ఒకే కార్డు పంపేవాడు సీజన్ అంటే అది తమీజ్. ముప్ఫై రోజులు నా రోజా చూసిన మనిషి చాంద్ రాత్ ‘హ్యాపీ హాలిడేస్’ అని పంపితే మాత్రం నాకు చప్పగా ఉంటుంది. నేనెవరో తెలిసినవాడు నా పండగ పేరు పెట్టి పిలవాలనిపిస్తుంది. బిషప్ శాంటర్ బాధ నాకు అర్థమైంది ఇక్కడే.

పోయిన డిసెంబర్ 24న పక్క సీటు అన్నకి టీ దగ్గర బర్మింగ్‌హామ్ కథంతా చెప్పాను. విని, “అయితే మీవాళ్లు ఏమీ అనలేదా?” అన్నాడు. లేదన్నా, అన్నాను. కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “మరి నువ్వు నాకు ఏమంటావ్?” అన్నాడు. హ్యాపీ క్రిస్మస్ అన్నాను. మర్నాడు సాయంత్రం కేకు డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే మా ఆవిడతో, “రమ్ము వేయలేదమ్మా, మీకోసం వేరేగా చేయించాను” అన్నాడు.