లంచ్ కౌంటర్ ముందు 66 స్టూళ్ళు

ఈ వారం మీతో ముచ్చటించాలనుకున్న విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఆఫీసు వాళ్ళతో కలిసి మధ్యాహ్నం బయటికెళ్ళి తినే లంచ్ గురించి. "ఇవాళ నాకు బాక్సు వద్దు, టీమ్ లంచ్ ఉంది" అని సరిగ్గా గుమ్మం దాటేముందు చెప్పి, మరి కలిపిపెట్టిన పెరుగన్నం ఏం చెయ్యాలని ఇంట్లో చీవాట్లు తినని వాళ్ళు మనలో తక్కువే అనుకుంటాను.

నేను కన్సల్టెంటుని. ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి పెట్టె సర్దుకోవడమే. నార్త్ కరొలైనాలో గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో పనిచేసిన రోజుల్లో మా టీమ్ ఒక నియమం పెట్టుకుంది. ప్రతి శుక్రవారం డౌన్‌టౌన్‌లో అంతకుముందు వెళ్ళని చోటికి వెళ్ళాలి. తెల్లటి గుడ్డలు పరిచిన ఖరీదైన రెస్టారెంట్లు కావు. కౌంటర్ దగ్గర ఆర్డరిచ్చి, పేరు పిలిస్తే ట్రే తెచ్చుకుని, గంటలోపు మళ్ళీ మీటింగులో కూర్చోగలిగే రకం. గొడ్డుమాంసం తినని నేను, పందిమాంసం తినని పాకిస్తానీ మిత్రుడు, గుడ్డు కూడా ముట్టని గుజరాతీ అమ్మాయి, ఏదైనా తినే అమెరికన్లు ఇద్దరు. ప్రాజెక్టు డిజైన్ మీద కన్నా ఎక్కడ తినాలన్న దాని మీదే మాకు చర్చ ఎక్కువ జరిగేదంటే నమ్మండి.

ఒక శుక్రవారం సౌత్ ఎల్మ్ స్ట్రీట్‌లో నడుస్తుంటే ఒక పాత భవనం కనిపించింది. ముఖాన ఎర్రటి పట్టీ మీద బంగారు రంగు అక్షరాల్లో వూల్‌వర్త్ పేరు. మాతో ఉన్న డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఆ ఊరివాడే, నల్లజాతి ఆయన, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న మనిషి. "మా అమ్మ ఈ కొట్లో దారాలూ, సూదులూ, మా అక్కకి రిబ్బన్లూ కొనేది. తినే కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా దాటించేసేదట" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

అసలు మధ్యాహ్నం భోజనం వీధిలోకి ఎలా వచ్చిందో ముందు చెప్పుకుందాం. ఒకప్పుడు అమెరికాలోనూ మనలాగే పగటిపూట ఇంటికెళ్ళి కడుపునిండా తినేవారు. 19వ శతాబ్దంలో ఫ్యాక్టరీలు, ఆఫీసులు పెరిగి, ఇల్లు ఒక చోట, పని ఒక చోట అయ్యాక అది కుదరలేదు. చాలా నగరాల్లో మగవాళ్ళకి సారా దుకాణాలు దారి చూపించాయి. ఒక గ్లాసు బీరు కొంటే పక్కన పెట్టిన రొట్టె, మాంసం, ఉప్పుచేప ఉచితం. ఉప్పు ఎక్కువగా ఎందుకు వేసేవారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసుల్లో టైపిస్టులుగా చేరుతున్న ఆడవాళ్ళు అలాంటి చోట్లకి వెళ్ళలేరు కదా! వాళ్ళ కోసం, గుమాస్తాల కోసం చవగ్గా, శుభ్రంగా ఉండే భోజనశాలలు పుట్టాయి. 1889లో న్యూయార్క్‌లో మొదలైన చైల్డ్స్ అలాంటిదే. శుభ్రత కళ్ళకి కనపడాలని గోడల నిండా తెల్ల పలకలు. 1920లో మద్యనిషేధం వచ్చి సారా దుకాణాలు మూతపడ్డాక కెఫెటీరియాలు, సోడా ఫౌంటెన్లు, లంచ్ కౌంటర్లు ఇంకా జోరందుకున్నాయి.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది ఆటోమాట్. జో హార్న్, ఫ్రాంక్ హార్డార్ట్ అనే ఇద్దరు భాగస్వాములు 1902లో ఫిలడెల్ఫియాలో, 1912లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో తెరిచారు. మొదటి యంత్రాలు జర్మనీ నుంచి తెప్పించారు. గోడ నిండా చిన్న చిన్న అద్దాల తలుపులు, ఒక్కోదాని వెనక ఒక్కో వంటకం. ఐదు సెంట్ల నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. కాఫీ ధర 1950 దాకా ఆ ఐదు సెంట్లే. ఆర్థికమాంద్యం రోజుల్లో కొందరు ఉచితంగా దొరికే వేడినీళ్ళలో టమాటా కెచప్ కలుపుకుని సూప్ అని తాగేవారట. ఎదురుగా ఎవరు వచ్చి కూర్చున్నా అడిగేవాడు లేడు. చివరి ఆటోమాట్ న్యూయార్క్‌లో 1991లో మూతపడింది. ఇవాళ మనం తెర మీద వేలితో నొక్కి ఆర్డరిచ్చే చోట్లకి అది తాత వరస అవుతుంది.

అయితే దేశమంతా ఆటోమాట్ కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో వూల్‌వర్త్ లాంటి చవక సరుకుల కొట్లలో అన్ని కౌంటర్ల దగ్గరా నల్లవారి డబ్బు చెల్లేది. తినే కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు స్టూలు మీద కూర్చోవడానికి వీల్లేదు. వంటగదిలో వండేదీ, గిన్నెలు కడిగేదీ చాలాచోట్ల వాళ్ళే. దూరప్రయాణాలకి బయల్దేరేటప్పుడు అట్టపెట్టెలో కోడిమాంసం, రొట్టె సర్దుకునేవారు. మనమూ రైలెక్కేటప్పుడు పులిహోర పొట్లం కట్టుకుంటాం కానీ, దారిలో ఎవరూ అన్నం పెట్టరన్న భయంతో కాదు. నల్లవారికి ఎక్కడ తిండి, పడక దొరుకుతాయో చెప్పే 'గ్రీన్ బుక్' అనే చిన్న పుస్తకం 1936 నుంచి మూడు దశాబ్దాల పాటు వెలువడిందంటే పరిస్థితి ఊహించుకోండి.

ఈ గీత మన దాకా రాలేదనుకోకండి. 1955 ఆగస్టులో అమెరికాలో భారత రాయబారి జి. ఎల్. మెహతా హ్యూస్టన్ విమానాశ్రయం రెస్టారెంట్లో కూర్చుంటే, ఆయన్ని అక్కణ్ణించి లేపి వేరే గదిలోకి మార్చారు. విదేశాంగ మంత్రి డల్లెస్ స్వయంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రాయబారి కాబట్టి క్షమాపణ వచ్చింది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నల్లవారికి ఎవరు చెప్తారు?

1958లో ఓక్లహోమా సిటీలో క్లారా లూపర్ అనే టీచర్ తన వెంట పిల్లల్ని తీసుకుని ఒక మందుల కొట్టు కౌంటర్లో కూర్చుంది. అదే ఏడు విచిటాలోనూ విద్యార్థులు కూర్చున్నారు. దేశాన్ని కదిలించింది మాత్రం గ్రీన్స్‌బరో. 1960 ఫిబ్రవరి 1, సోమవారం. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్. నలుగురూ నార్త్ కరొలైనా ఏ అండ్ టీ కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రాళ్ళు. ముందు కొట్లో చిన్నచిన్న వస్తువులు కొని రసీదులు జేబులో పెట్టుకున్నారు. 'మీకు ఇక్కడ అమ్మం' అంటే, 'ఇప్పుడే అమ్మారుగా' అని చూపించడానికి! నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఆ రసీదుల ఆలోచనే. తర్వాత వెళ్ళి కౌంటర్లో కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. కొట్టు మూసేదాకా వాళ్ళు లేవలేదు.

ఆ కౌంటర్‌కి ఉన్న స్టూళ్ళు 66. మర్నాడు ఇరవై మందికి పైగా వచ్చారు. వాళ్ళలో అమ్మాయిలూ ఉన్నారు, పక్కనే ఉన్న బెన్నెట్ మహిళా కాలేజీ పిల్లలు తర్వాతి రోజుల్లో పెద్ద సంఖ్యలో చేరారు. పుస్తకాలు తెచ్చుకుని అక్కడే చదువుకున్నారు. వారం తిరక్కుండా మూడొందల మంది అయ్యారు. మార్చి నెలాఖరుకి 13 రాష్ట్రాల్లో 55 ఊళ్ళకి పాకింది. ఆ కొట్టు దాదాపు 2 లక్షల డాలర్ల వ్యాపారం పోగొట్టుకుంది. చివరికి జులై 25న మేనేజర్ తన దగ్గర పనిచేసే నల్లజాతి ఉద్యోగులు నలుగురిని పిలిచి, యూనిఫారాలు మార్చుకుని కౌంటర్లో కూర్చుని ఆర్డరివ్వమన్నాడు. జెనీవా టిస్‌డేల్, సూసీ మారిసన్, అనీతా జోన్స్, ఛార్ల్స్ బెస్ట్. పేపరు వాళ్ళు లేరు, ఫొటోలు లేవు. ఎప్పటినుంచో తాము పనిచేస్తున్న చోట మొదటిసారి కూర్చుని తిన్నారు.

చట్టం రావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. 1964 జులై 2న పౌరహక్కుల చట్టం వచ్చాక అలబామాలో బర్మింగ్‌హామ్ నగరంలోని ఓలీస్ బార్బెక్యూ అనే రెస్టారెంటు కోర్టుకెక్కింది. కోర్టు తీర్పు చదివితే మన శుక్రవారం లంచ్ చోటు లాగే ఉంటుంది. 220 మందికి చోటు. వచ్చేది కుటుంబాలు, ఆఫీసు ఉద్యోగులు. పనిచేసే 36 మందిలో మూడింట రెండు వంతులు నల్లవారు. కొనుక్కోవడానికి వచ్చే నల్లవారికి మాత్రం పొట్లం కట్టి బయటికే ఇస్తారు. ఇది మా సొంత వ్యాపారం, ఫెడరల్ ప్రభుత్వానికేం పని అన్నది వాళ్ళ వాదన. ఏడాదిలో మీరు కొన్న లక్షన్నర డాలర్ల సరుకులో 69,683 డాలర్ల మాంసం వేరే రాష్ట్రం నుంచి వచ్చింది, కాబట్టి ఇది రాష్ట్రాల మధ్య వ్యాపారానికి సంబంధించినదే అని సుప్రీం కోర్టు ఆ డిసెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. పక్క స్టూలు హక్కు మాంసం బిల్లు మీద నిలబడిందన్నమాట. లాయర్ల బుర్రలే బుర్రలు!

ఆడవాళ్ళ సంగతి ఇంకా మిగిలే ఉంది. న్యూయార్క్ ప్లాజా హోటల్లోని ఓక్ రూమ్‌లో వారపు రోజుల్లో లంచ్ వేళకి ఆడవాళ్ళకి ప్రవేశం లేదు, మగవాళ్ళు వ్యాపారం మాట్లాడుకుంటారని. 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, ఆమె స్నేహితురాళ్ళు వెళ్ళి కూర్చుంటే వెయిటర్లు వచ్చి ముందున్న బల్లే ఎత్తుకుపోయారు. కొన్ని నెలలకి ఆ నియమం పోయింది.

పొట్లం కట్టి బయటికి ఇవ్వడం అన్న మాట చదివినప్పుడు నాకు మన ఊళ్ళ టీ హోటళ్ళు గుర్తొచ్చాయి. గోడకి వేరే కొక్కెం, దానికి వేరే గ్లాసు. తాగినవాడే కడిగి పెట్టాలి. మద్రాసు రాష్ట్రంలో కాఫీ హోటళ్ళకి 'బ్రాహ్మణ' అని బోర్డులుండేవి. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో అలాంటి ఒక బోర్డు మీద ఆ మాట తీసెయ్యాలని పెరియార్ మనుషులు పోరాటం చేశారు. మన రాజ్యాంగం 1950లోనే, అంటే అమెరికా కన్నా 14 ఏళ్ళ ముందే, 15వ అధికరణంలో దుకాణాల్లో, హోటళ్ళలో కులమతాల పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని రాసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం కూడా వచ్చింది. అయినా రెండు గ్లాసులు ఆ తర్వాత దశాబ్దాల పాటు చాలా ఊళ్ళలో కొక్కేలకి వేలాడుతూనే ఉన్నాయి. కాబట్టి వాళ్ళ కథ వింటూ అయ్యో పాపం అనుకుని ఊరుకునే వీలు మనకి లేదు.

ఇంకో తేదీ కూడా చెప్పాలి. మనవాళ్ళకి ఇక్కడ తలుపు విశాలంగా తెరిచిన వలస చట్టం మీద జాన్సన్ సంతకం చేసింది 1965 అక్టోబరు 3న, పౌరహక్కుల చట్టం వచ్చిన పదిహేను నెలలకి. ఆ తర్వాత దిగిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఏ ఊళ్ళో ఏ కౌంటర్ ముందు కూర్చున్నా, చట్టం దృష్టిలో ఆ స్టూలు అప్పటికే వాళ్ళదీ అయిపోయింది. దానికోసం వాళ్ళెవరూ రసీదులు జేబులో పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ వూల్‌వర్త్ భవనం 2010 ఫిబ్రవరి 1న, సరిగ్గా యాభై ఏళ్ళకి, అంతర్జాతీయ పౌరహక్కుల మ్యూజియంగా తెరుచుకుంది. కౌంటర్‌లో ఎక్కువ భాగం అక్కడే ఉంది. ఒక ముక్క, నాలుగు స్టూళ్ళతో సహా, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎలాగూ వాషింగ్టన్ తీసుకెళ్తారు, అంతరిక్ష మ్యూజియంలో రాకెట్లు చూశాక ఇటు కూడా ఒకసారి రండి. షార్లెట్ నుంచి ర్యాలీ వైపు కారులో వెళ్ళేవారికైతే గ్రీన్స్‌బరో దారిలోనే తగులుతుంది. లోపలికి టూరు ఉంటుంది కాబట్టి వేళలు ముందుగా చూసుకుని వెళ్ళండి. బయటికొచ్చాక ఆకలేస్తే ఆ వీధిలోనే తినడానికి చోట్లు బోలెడున్నాయి, మా గుజరాతీ అమ్మాయి తినగలిగినవి కూడా.