బ్రెజిల్ పెట్రోలును వదిలించుకుందా?

చెరకు ఆల్కహాల్‌తో బ్రెజిల్ పెట్రోలుకు ఉద్వాసన పలికిందన్న మాట మన దగ్గర ఏళ్లుగా నలుగుతోంది. ఇథనాల్ మీద ఏ చర్చ మొదలైనా చివరికి అక్కడికే చేరుతుంది. ఆ దేశ చరిత్రను కాస్త ఓపికగా చదివితే, ఈ మాటలో నిజం సగమే.

తొలి అంకం తెలిసిందే. దిగుమతి పెట్రోలులో 5 శాతం ఆల్కహాల్ కలపాలని వర్గాస్ ప్రభుత్వం 1931లోనే ఆదేశించింది. 1973లో చమురు ధర మండిపోయింది, ఆ వెనుకే చక్కెర ధర పడిపోయింది. 1975 నవంబరులో సైనిక ప్రభుత్వం చెరకు ఆల్కహాల్ వాడకాన్ని పెంచే ప్రోఆల్కూల్ పథకం తెచ్చింది. 1979లో పూర్తిగా ఆల్కహాల్‌తో నడిచే ఫియట్ 147 రోడ్డెక్కింది. 1980ల నడుమ అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది అలాంటివే.

కథ చెప్పేవారు ఇక్కడి నుంచి నేరుగా 2003 నాటి ఫ్లెక్స్ కార్లకు, అంటే పెట్రోలు, ఆల్కహాల్ రెండింటితోనూ నడిచే కార్లకు దూకేస్తారు. నడుమ వదిలేసిన ఏళ్లలోనే అసలు సంగతి ఉంది. 1986లో ముడిచమురు ధర కుప్పకూలింది. పెట్రోలు చౌకయ్యాక, ఆల్కహాల్‌ను అంతకంటే చౌకగా అందించడం ఖజానాకు మోయలేని బరువైంది. అంతలో ప్రపంచ విపణిలో చక్కెర ధర పెరగడంతో మిల్లులు అటు మొగ్గాయి. 1989-90లో బంకుల్లో ఆల్కహాల్ నిండుకుంది. కార్లు బారులు తీరాయి. అంత చెరకు పండించే దేశం ఆల్కహాల్‌ను దిగుమతి చేసుకుంది, చాలక మెథనాల్ కూడా కలిపింది. ప్రభుత్వ మాట నమ్మి కారు కొన్నవారి విశ్వాసం అక్కడ దెబ్బతింది. 1990ల చివరికి కొత్త కార్లలో ఆల్కహాల్‌వి ఒక్క శాతం కూడా లేవు. ఇంజన్ బాగానే ఉంది. ఆల్కహాల్ కారును దెబ్బతీసినవి చమురు ధర, చక్కెర ధర.

ఇంకో విషయాన్ని ఎవరూ పట్టించుకోరు. పెట్రోలు, డీజిలు ఒకే పీపా ముడిచమురులోంచి వస్తాయి. బ్రెజిల్ లారీలు, ట్రాక్టర్లు, ఆ చెరకును మోసే వాహనాలు సైతం డీజిలుతోనే నడిచాయి. డీజిలు కోసం ముడిచమురును శుద్ధి చేయక తప్పలేదు, మిగిలిపోయిన పెట్రోలును ఎగుమతి చేయవలసి వచ్చింది. పెట్రోలు వాడకం తగ్గినంత మాత్రాన ముడిచమురు అవసరం అంతే తగ్గదు. 2006లో ఆ దేశం చమురులో స్వయంసమృద్ధి ప్రకటించిన సందర్భం కూడా సముద్రంలో అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్ కొత్త చమురు వేదిక ప్రారంభమే.

ఆల్కహాల్ చేసిన మేలు చిన్నదని నేననను. సావో పాలో ప్రాంతపు చెరకు ఎక్కువగా వానల మీదే పండుతుంది, మిల్లు పిప్పితోనే నడుస్తుంది. ఫ్లెక్స్ కారు వచ్చాక ఎంపిక కొనుగోలుదారు చేతికి వచ్చింది. పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటే ఆల్కహాల్, లేదంటే పెట్రోలు. పడిపోయిన ఇంధనాన్ని మళ్లీ నిలబెట్టింది ఈ వెసులుబాటే.

మనం తెచ్చుకోనిది సరిగ్గా అదే. పెట్రోలులో 2013-14లో 1.5 శాతమున్న ఇథనాల్ మిశ్రమాన్ని 2025కల్లా 20కి చేర్చాం. ఆ వేగాన్ని మెచ్చుకోవాలి. కానీ లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత తరహా కార్లకు మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. చెరకు నుంచి వచ్చే లీటరు ఇథనాల్ వెనుక 2,860 లీటర్ల నీరుందని కూడా అందులోనే ఉంది. 2023లో వానలు తగ్గి చక్కెర కొరత భయం పట్టుకోగానే, డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తయారీకి అడ్డుకట్ట పడింది. బ్రెజిల్ 1989లో చూసిన చిక్కుకు ఇది చిన్న రూపం. బియ్యం, మొక్కజొన్నల మీద ఆధారపడితే ఆ చిక్కు మన కంచం దాకా వస్తుంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని ఊళ్లు రోడ్డెక్కాయి. అభివృద్ధిని అడ్డుకుంటున్నారని వారిని తీసిపారేయడం అన్యాయం, నీళ్ల లెక్క వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పైగా మన దేశంలో డీజిలు వాడకం పెట్రోలుకు రెట్టింపు పైమాటే. పెట్రోలులో ఇథనాల్ ఎంత కలిపినా ఆ డీజిలు అలాగే ఉంటుంది. ఇంధనం దిగుమతి తగ్గించడమే లక్ష్యమైతే ముందుగా లారీల సంగతి, రైళ్ల మీద సరుకు రవాణా సంగతి మాట్లాడాలి. ఈలోగా ప్రతి బంకులో 10 శాతం మిశ్రమానికి ఇంకో పంపు ఉండాలి, రెండింటి ధరలూ పక్కపక్కన రాసి ఉండాలి.