గుడారము – నాడు, నేడు

పెండ్లిపందిరి క్రింద కూర్చుండని వారు మనలో అరుదు. రాటలు నాటి తాటియాకు కప్పినను, శామియానా కట్టినను, ఆ నీడ నాలుగు దినముల ముచ్చటయే. పని తీరిన పిమ్మట విప్పి మడిచి పెట్టుదుము. ఇల్లనగా గోడ, దూలము, బరువైన కప్పు అనియు, గుడారమనగా తాత్కాలికమనియు తరతరములుగా మన భావన. గడచిన శతాబ్దము ఈ భావనను ఎట్లు మార్చినదో శ్రోతలకు మనవి చేయుదుము.

రాతి కమాను తన బరువుచేతనే నిలుచును; ఒక రాయి మరియొక రాతిని నొక్కి పట్టును. గుడ్డకు ఆ గుణము లేదు. నొక్కినచో ముడుతపడును, లాగి కట్టినచో మాత్రమే బరువు మోయును. గుఱ్ఱపు జీనువలె ఒక దిక్కున పైకి, మరియొక దిక్కున క్రిందికి వంపు తిరుగునట్లు బిగించిన గుడ్డ గాలికి కొట్టుకొనదు. ఈ రహస్యమును శాస్త్రముగా పరిశోధించిన వారిలో జర్మనీ దేశీయుడగు ఫ్రై ఒట్టో ముఖ్యుడు. రెండవ ప్రపంచయుద్ధములో వైమానికుడైన ఆయన ఫ్రాన్సులో ఖైదీగా చిక్కి, సామగ్రి కరవైన శిబిరములో కట్టడపు పనులు నడిపెను. కొద్ది వస్తువుతో పెద్ద నీడ కల్పించుట ఆయనకు జీవితాశయమయ్యెను. 1955లో కాసెల్ నగరపు ఉద్యాన ప్రదర్శనలో వాద్యకారులకై నూలుగుడ్డతో ఒక మండపము నిర్మించెను. దానికి అందము కలదు, బలము కలదు. ఆయుర్దాయము మాత్రము లేదు. నూలు వానకు కుళ్ళును, ఎండకు చివుకును, నిప్పుకు ఆహుతియగును.

ఈ లోపమును తీర్చినది గాజు. గాజును వెండ్రుకకంటె సన్నని దారముగా తీసినచో గొప్ప లాగుడునకు ఓర్చును, నిప్పంటదు. కాని తేమకును ఒరపిడికిని అది చెడును. 1938లో అమెరికా రసాయనజ్ఞుడు రాయ్ ప్లంకెట్ అనుకొనకుండ కనుగొనిన టెఫ్లానుకు బలము తక్కువ; అయినను ఎండవానలు దాని నేమియు చేయజాలవు. గాజునేతకు టెఫ్లాను పూత పూయగా ఒకదాని కొరతను మరియొకటి తీర్చెను. ఇట్టి కూర్పునే సంయుక్త పదార్థమందురు. 1973లో కాలిఫోర్నియాలోని లావెర్న్ కళాశాల భవనమునకు ఈ గుడ్డయే శాశ్వతమైన కప్పయ్యెను.

దీని ఘనతను లోకమునకు చాటినది జెడ్డా నగరము. హజ్ యాత్రికులు విమానము దిగి ముందరి ప్రయాణమునకై గంటల తరబడి అచట వేచియుండవలెను. వారికై 1981లో వెలసిన విమానకేంద్రమున ఒక్కొక్కటి 45 మీటర్ల చదరముగల గుడారములు 210 కలవు. అవి సుమారు 40 హెక్టార్ల నేలకు నీడనిచ్చుచున్నవి. చుట్టు గోడలు లేవు. తెల్లని గుడ్డ ఎండలో అధిక భాగమును తిరుగగొట్టును. వేడిగాలి శిఖరపు రంధ్రము గుండ పైకి పోవును. మన హైదరాబాదునుండి వెళ్ళిన యాత్రికులలో ఎందరో ఆ నీడన సేదదీరినవారే. దీనికి రూపమిచ్చిన ఇంజనీరులలో ముఖ్యుడు, ఢాకాలో చదివి అమెరికాలో స్థిరపడిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. 1982 మార్చిలో ఆయన ఆ జెడ్డాలోనే కన్నుమూసెను. మరుసటి యేట ఆ కట్టడమునకు ఆగాఖాన్ పురస్కారము లభించెను.

ఇంతటి గుడ్డకును ఒక షరతు కలదు. స్తంభములు లేక, లోపలి గాలి ఒత్తిడితోనే కప్పును నిలుపు పద్ధతి మరియొకటి ఉన్నది. అమెరికాలోని మినియాపోలిస్ నగరమున 1982లో తెరచిన క్రీడాశాలకు అట్టి కప్పే వేసిరి. 2010 డిసెంబరు 12వ తేదీన మంచు బరువునకు అది చినిగి కూలిపోయెను. ప్రాణనష్టము కలుగకుండుట అదృష్టము.

రాతికప్పు ఏండ్ల తరబడి అశ్రద్ధను ఓర్చుకొనును. గుడ్డకప్పు అట్లు ఓర్వదు. బిగువు సడలెనా, గాలి తగ్గెనా, వెంటనే లెక్క అడుగును. తక్కువ వస్తువుతో ఎక్కువ మందికి నీడ కల్పింపగోరు వారు ఆ నీడను అనుదినము కనిపెట్టుకొనియుండవలెను. పందిరి రాటను సాయంకాలము మరల ఒకసారి ఊపి చూచు మన పెద్దలకు ఈ సంగతి క్రొత్తది కాదు.