ఒక్కరూ కాదనని బిల్లు

ఆ శుక్రవారం ప్రొఫెసర్ క్లారెన్స్ వాల్డో శాసనసభకు వెళ్లింది గ్రాంటు పని మీద. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్న పర్డ్యూ యూనివర్సిటీలో గణిత శాఖకు ఆయన పెద్ద. ఇండియానా అకాడమీ ఆఫ్ సైన్స్‌కు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము గురించి నలుగురు సభ్యుల చెవిన వేసి వద్దామని ఇండియానాపోలిస్‌లో దిగారు. తేదీ 1897 ఫిబ్రవరి 5. ప్రతినిధుల సభలో వంద మంది సభ్యులు. ఎజెండాలో ఒకదాని తర్వాత ఒకటిగా బిల్లులు. పత్రికలవాళ్లు మర్నాడు నాలుగు ముక్కల్లో ముగించే మామూలు రోజు.

వాల్డో లోపల అడుగుపెట్టేసరికి సభలో మాట్లాడుకుంటున్నది వృత్తం గురించి.

రాష్ట్రం తూర్పు వైపు నుంచి గెలిచి వచ్చిన ఒక సభ్యుడు మాట్లాడుతున్నారు. అంతకుముందు ఆయన బడిపంతులు. ఆయన అన్న మాటల్ని వాల్డో తర్వాత రాసి పెట్టారు. వాటి సారాంశం ఇది: విషయం చాలా తేలిక. ఈ బిల్లు ప్యాస్ చేస్తే ‘పై’కి కొత్త విలువ, సరైన విలువ ఖాయమవుతుంది. దాన్ని కనిపెట్టినాయన మన రాష్ట్రానికి ఉచితంగా ఇస్తానంటున్నారు. మన బడి పుస్తకాల్లో పైసా కట్టకుండా వేసుకోవచ్చు. మిగతా వాళ్లంతా ఆయనకు రాయల్టీ చెల్లించాల్సిందే.

గణితం చెప్పి బతికే మనిషి ఆ మాటలు విని నిలబడిపోయి ఉంటాడని ఊహించడం కష్టం కాదు.

ఆ బిల్లు నంబరు 246. దాని వెనక ఉన్న మనిషి డాక్టర్ ఎడ్వర్డ్ గుడ్విన్. రాష్ట్రం నైరుతి మూల పోజీ కౌంటీలో సాలిట్యూడ్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేసుకునే పెద్దాయన. వృత్తానికి సరిసమాన వైశాల్యం ఉన్న చతురస్రాన్ని గీయడం అనే పురాతన చిక్కుముడి ఆయన్ని పట్టుకుంది. 1888 మార్చి మొదటి వారంలో దానికి పరిష్కారం తనకు దైవికంగా తెలిసిందని ఆయన గట్టి నమ్మకం. కొన్ని దేశాల్లో కాపీరైటు కూడా తీసుకున్నాడు. ఆయన మోసగాడిలా కనిపించడు. నిజంగానే లోకానికి మేలు చేస్తున్నాననుకున్నాడు, సొంత రాష్ట్రం పిల్లలకు ముందు ఉచితంగా ఇద్దామనుకున్నాడు. నాకు ఈ కథలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఆయన కోరిక మీద పోజీ కౌంటీ ప్రతినిధి టేలర్ రికార్డ్ జనవరి 18న బిల్లును సభలో ప్రవేశపెట్టారు. రికార్డ్ రైతు, కలప వ్యాపారి. బిల్లులో ఏముందో తనకు తెలియదని, నియోజకవర్గం మనిషి అడిగితే పెట్టానని ఆయనే చెప్పుకున్నారు. మన ఎమ్మెల్యేలైనా ఊరి పెద్దమనిషి కాగితం పట్టుకొస్తే సంతకం పెట్టి పంపకుండా ఉంటారా? అందులో తప్పేమీ కనిపించదు. చదవాల్సిన వాళ్లు ముందు ఉన్నారు కదా అన్న భరోసా.

బిల్లు మొదట కాలువల కమిటీకి వెళ్లింది. చిత్తడి నేలల కమిటీ అన్నా అదే. మర్నాడే వాళ్లు ఇది మా పని కాదంటూ విద్యా కమిటీకి పంపారు. విద్యా కమిటీ ఫిబ్రవరి మొదటి వారంలో ‘ఆమోదించవచ్చు’ అని రాసి వెనక్కి ఇచ్చింది. రాష్ట్ర విద్యాశాఖ అధిపతి కూడా ఈ పరిష్కారాన్ని నమ్ముతున్నారని స్థానిక పత్రికల్లో వచ్చింది. బిల్లులోని మూడో సెక్షను ఇంకో సాక్ష్యం చూపించింది. ‘అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ’ అనే పత్రిక ఈ పరిష్కారాన్ని స్వీకరించిందట. నిజమే, 1894లో ఆ పత్రిక గుడ్విన్ రాసింది వేసింది. అయితే పాఠకుల ప్రశ్నలూ సమాచారమూ వేసే శీర్షికలో, రచయిత కోరిక మేరకు అన్న మాటతో వేసింది. గణితజ్ఞులెవరూ పరీక్షించి మెచ్చుకున్నది కాదు. పత్రికలో వచ్చిందని బిల్లు అంది, కమిటీ చూసిందని సభ అనుకుంది. మన ఆఫీసుల్లో ఫైలు కదిలే తీరు తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కింది బల్ల సంతకం చూసి పై బల్ల సంతకం పడుతుంది.

ఇంతకీ ఆ మూడు సెక్షన్లలో ఏముంది? వాక్యాలు మెలికలు తిరిగి ఉంటాయి, ఒక్కసారి చదివితే కొరుకుడు పడవు. రెండో సెక్షనులో మాత్రం అంకెలు సూటిగా కనబడతాయి. వ్యాసానికీ చుట్టుకొలతకూ ఉన్న నిష్పత్తి అయిదు నాలుగో వంతులకు నాలుగు, అంటే 5/4కు 4. భాగిస్తే ‘పై’ విలువ 3.2 వస్తుంది. మన బడిలో నేర్చుకున్న 22/7 అయితే 3.14 దగ్గర ఆగుతుంది. క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత సుమారు 62,832 అని లెక్క చెప్పాడు. అంటే 3.1416. ‘సుమారు’ అనడం కూడా ఆయన మరిచిపోలేదు.

3.14 అయినా 3.2 అయినా పెద్ద తేడా ఏముందనిపించవచ్చు. ఎడ్లబండి చక్రం తీసుకుందాం. అయిదడుగుల వ్యాసం ఉన్న చక్రానికి ఇనప పట్టా వేయాలంటే కమ్మరి చుట్టుకొలత తీస్తాడు. అది దాదాపు 15 అడుగుల 8 అంగుళాలన్నర. పట్టాను దానికన్నా కొంచెం తక్కువగా అతికించి, ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తాడు. అది బిగిసి చక్రాన్ని పట్టేస్తుంది. ఇండియానా బిల్లు ప్రకారం అయితే చుట్టుకొలత 16 అడుగులు. మూడున్నర అంగుళాలు ఎక్కువ. ఆ పట్టా చక్రం మీద నిలవదు, ఊరి పొలిమేర దాటకముందే జారిపోతుంది. ఆ సభలో రైతులూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరు ఆ అంకెను తమ బండి చక్రానికి తగిలించి చూసినా సరిపోయేది.

ఇంకా ఉంది. చతురస్రం భుజం ఏడైతే దాని కర్ణం పది అని అదే సెక్షను అంటుంది. ఏడేళ్లు నలభై తొమ్మిది, రెండు నలభై తొమ్మిదులు తొంభై ఎనిమిది. పది పదులు వంద. పైథాగరస్ సిద్ధాంతం చదివిన తొమ్మిదో తరగతి పిల్లవాడు పలక మీదే తప్పు పట్టేస్తాడు. ఇక మొదటి సెక్షనులోని వైశాల్యం లెక్క మరీ ఘోరం. చుట్టుకొలతలో నాలుగో వంతును భుజంగా తీసుకుని చతురస్రం గీస్తే అదే వృత్త వైశాల్యమట. పది గజాల వ్యాసం ఉన్న గుండ్రటి స్థలానికి నిజమైన వైశాల్యం 78 చదరపు గజాల పైచిలుకు. బిల్లు లెక్కన 64. భూమి కొలతలో ఇలా జరిగితే ఊళ్లో తలలు పగులుతాయి.

కోణాన్ని మూడు సమభాగాలు చేయడం, ఘనాన్ని రెట్టింపు చేయడం కూడా సాధించానని గుడ్విన్ అన్నాడు. స్కేలు, వృత్తలేఖినితో ఆ రెండూ కుదరవని 1837లోనే రుజువైంది. వృత్తాన్ని చతురస్రం చేయడం అసాధ్యమని 1882లో జర్మనీ గణితజ్ఞుడు లిండెమన్ తేల్చేశాడు. పారిస్‌లోని సైన్స్ అకాడమీ అయితే 1775లోనే ఇలాంటి పరిష్కారాలు మాకు పంపవద్దని చెప్పేసింది. వాల్డోకు ఇవన్నీ తెలుసు. సభలోపల మాట్లాడే హక్కు మాత్రం ఆయనకు లేదు.

ఆ రోజు జరగాల్సిన పద్ధతి ఇది: ఇండియానా రాజ్యాంగం ప్రకారం బిల్లును మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చదవాలి. తొందరపాటుకు కళ్లెం వేయడానికే ఆ నిబంధన. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే దాన్ని పక్కన పెట్టవచ్చు. విద్యా కమిటీ ఛైర్మన్ నికల్సన్ లేచి ఆ నిబంధన సడలించాలని తీర్మానం పెట్టారు. 72 మంది సరే అన్నారు, వద్దన్నవాళ్లు లేరు. తర్వాత బిల్లుపైనే ఓటింగు. పేరు పేరునా పిలుస్తున్నారు. అనుకూలం, అనుకూలం, అనుకూలం. అనుకూలంగా 67. వ్యతిరేకంగా సున్నా.

ఆ సున్నా దగ్గర నేను చాలాసేపు ఆగాను. అరవై ఏడుగురూ మూర్ఖులు కారు. న్యాయవాదులు, వ్యాపారులు, పంతుళ్లు ఉండే సభ అది. తెలియనిదాన్ని తెలియదనడానికి ఒక్క గొంతు లేవలేదంటే, ఆ రోజు అంత మామూలుగా గడిచిందని అర్థం. గొడవ పడే బిల్లయితే పార్టీలు రెండుగా చీలి, ప్రతి కామానూ పీకి పాకం పెట్టేవి. దీనికి ఎవరి ఓటూ పోదు, ఎవరి డబ్బూ పోదు. ఊరికే వస్తోంది. కాబట్టి సరే.

మన దగ్గర పొద్దున ప్రవేశపెట్టిన బిల్లు సాయంత్రానికి మూజువాణి ఓటుతో గట్టెక్కడం మనకు అలవాటైపోయింది. చట్టసభల పనితీరును పరిశీలించే పీఆర్ఎస్ సంస్థ ఏటా వేసే లెక్కల ప్రకారం ఇటీవలి ఏళ్లలో దేశంలోని రాష్ట్రాల శాసనసభల్లో సగానికి అటూ ఇటూగా బిల్లులు పెట్టిన రోజో మర్నాడో ఆమోదం పొందుతున్నాయి. మైకులు విరిగిన రోజు, వాకౌట్ చేసిన రోజు మొదటి పేజీలో వస్తుంది. ఏ గొడవా లేకుండా నాలుగు బిల్లులు ప్యాసైన రోజు లోపలి పేజీలో ఒక్క పేరాకు కుదించుకుపోతుంది. నాకు భయం ఆ రెండో రోజంటేనే. మనం పన్ను కట్టేది, బడికి పంపేది, భూమి రిజిస్టరు చేయించుకునేది ఆ ఒక్క పేరాలో వచ్చిన చట్టాల ప్రకారమే.

ఓటింగు అయ్యాక ఒక సభ్యుడు వాల్డో దగ్గరికి వచ్చి అప్పుడే ప్యాసైన బిల్లు కాపీ చూపించారు. దీన్ని రాసిన పండితుణ్ని పరిచయం చేయమంటారా అని అడిగారు. వాల్డో మర్యాదగా వద్దన్నారు. పిచ్చివాళ్లతో తనకు ఇప్పటికే కావలసినంత పరిచయం ఉందన్నారు. ఆ మాట కటువైనదే. కానీ ఆయన కోపం చూపించి రైలెక్కి వెళ్లిపోలేదు. బిల్లు తర్వాత వెళ్లాల్సింది ఎగువ సభ అయిన సెనేట్‌కు. ఆ సాయంత్రమే సెనేటర్లను కలిసి విషయం విడమరిచి చెప్పారు. గ్రాంటు కోసం వచ్చిన మనిషి సభ్యులతో సఖ్యంగా ఉండాలి. మీరు చేసింది తప్పని చెప్పడం ఆయనకు లాభం తెచ్చే పని కాదు. అయినా చెప్పారు.

సెనేట్ కూడా మొదట ఏమంత జాగ్రత్త పడలేదు. ఫిబ్రవరి 11న బిల్లును మద్యనిషేధం వ్యవహారాలు చూసే కమిటీకి పంపింది. ఆ కమిటీ మర్నాడే ఆమోదించవచ్చంటూ తిప్పి పంపింది. మన తెలుగువాళ్లం శాసనమండలి ఉండాలా వద్దా అని ఏళ్లుగా తర్జనభర్జన పడుతున్నాం. 1985లో రద్దు చేసుకున్నాం, 2007లో తిరిగి తెచ్చుకున్నాం. రెండో సభ ఉన్నంత మాత్రాన రెండోసారి చదివినట్టు కాదని ఆ కమిటీ నివేదిక చెబుతుంది. తేడా తెచ్చింది, ఆ వారం రోజుల్లో బయటివాళ్లు కాగితం చదవడం. వాల్డో చెప్పిన మాటలు ఒకవైపు, షికాగో, తూర్పు రాష్ట్రాల పత్రికలు ఇండియానాను చూసి నవ్వడం ఇంకోవైపు.

ఫిబ్రవరి 12 మధ్యాహ్నం సెనేట్‌లో బిల్లు రెండో పఠనానికి వచ్చింది. అరగంట సేపు సభ్యులు జోకులు వేసుకున్నారని, వాటిలో చాలావరకు పేలనివేనని పత్రికలు రాశాయి. అప్పుడు సెనేటర్ హబెల్ లేచారు. ఈ సభకు రోజుకు 250 డాలర్లు ఖర్చవుతోందని, ఆ సొమ్ముతో ఇలాంటి కాలక్షేపం తగదని అన్నారు. నీళ్లు ఎత్తుకు పారాలని చట్టం చేయడమెంతో, గణిత సత్యాన్ని చట్టంతో నిలబెట్టాలనుకోవడమూ అంతేనన్నారు. బిల్లును నిరవధికంగా వాయిదా వేయాలని తీర్మానం పెట్టారు. అది నెగ్గింది.

మర్నాడు ‘ఇండియానాపోలిస్ జర్నల్’ ఒక సంగతి గమనించి రాసింది. బిల్లుకు వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లలో ఒక్కరూ గుడ్విన్ సిద్ధాంతం తప్పని అనలేదు. ఆ లెక్క మంచిచెడ్డలు తమకు తెలియవని అందరూ ఒప్పుకున్నారు. ఇది శాసనసభ తేల్చే విషయం కాదన్నారు, అంతే. ఆ ఒప్పుకోలు నాకు జోకులకన్నా, హబెల్ ఉపన్యాసం కన్నా విలువైనదిగా తోస్తుంది. వారం కిందట దిగువ సభలో ఎవరో ఒకరు అనాల్సిన మాట అది.

ఆ శుక్రవారం జరిగిందంతా వాల్డో 1916లో అకాడమీ సంచికలో రాశారు. గుడ్విన్ అంతవరకు లేడు. 1902లో పోజీ కౌంటీలో చనిపోయాడు. తన కనుగోలును లోకం అందుకోలేదని కుంగిపోయాడని, ఆశ మాత్రం వదల్లేదని స్థానిక పత్రిక ఆయన మరణవార్తలో రాసింది.