ఆవును మరచిన విశేషణం

'వాక్సిన్' నేడు నామవాచకం. పుట్టుకతో మాత్రం విశేషణం. లాటిన్‌లో 'వాక్కా' అంటే ఆవు, 'వాక్కినుస్' అంటే ఆవుకు సంబంధించినది. పంచగవ్యంలోని 'గవ్య' శబ్దానిదీ ఇదే అర్థం. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ తన గ్రంథంలో, ఆవు పొదుగుపై వచ్చే పొక్కుల జబ్బును 'వారియోలే వాక్సినే', అనగా ఆవు మశూచి, అన్నాడు. ఆ పొక్కుల రసిని చేతికి ఎక్కిస్తే మశూచి సోకదని వాదించాడు.

పేరులోని ఆవే తొలి చిక్కు. టీకా వేయించుకున్నవారి ఒంటి నుండి ఆవులు మొలుస్తున్నట్లు 1802లో లండన్‌లో గిల్రే వ్యంగ్యచిత్రం గీశాడు. ఐర్లండులో ఆవు భాషలోనే ఉంది. ఐరిష్ 'బో', ఇంగ్లీషు 'కౌ', సంస్కృత 'గో' ఏకమూలం నుండి వచ్చినవి. బోయిన్ నది పేరులోను, రహదారిని సూచించే 'బోహర్'లోను ఉన్నది ఆవే. 1804లో డబ్లిన్‌లో వెలసిన టీకాల సంస్థ లాటిన్ చాటుకు పోకుండా 'కౌ-పాక్ ఇన్‌స్టిట్యూషన్' అని పేరు పెట్టుకుంది. పేదలకు ఉచితంగా టీకాలు వేసి, వైద్యులకు రసిని పొట్లాలలో పంపింది.

1802లో టీకా బొంబాయి చేరింది. మద్రాసులో గోవు అడ్డంకి కాక ప్రచారసాధనమైంది. తెలుగు ద్రావిడభాష అని 1816లో నిరూపించిన ఎల్లిస్, టీకాపై సంస్కృత శ్లోకాలు తానే రచించి, బ్రాహ్మణుల నమ్మకం కోసం వాటిని ప్రాచీనమైనవిగా చూపాడని చెబుతారు. డబ్లిన్‌లో పుట్టి 1824లో మద్రాసులో మరణించిన చిత్రకారుడు థామస్ హికీ, 1805 ప్రాంతంలో మైసూరు అంతఃపుర స్త్రీలు ముగ్గురిని చిత్రించాడు. అందులో ఒకామె పైట తొలగించి చేయి చూపుతున్నది టీకా వేసిన చోటునేనని చరిత్రకారుడు నైజెల్ ఛాన్స్‌లర్ అభిప్రాయం. అదే నిజమైతే, ఆ చిత్రం రాజకుటుంబం ప్రజలకిచ్చిన అభయం.

1881లో పాశ్చర్, జెన్నర్ గౌరవార్థం, ఇతర వ్యాధుల టీకాలకూ ఈ మాటనే వాడాలని ప్రతిపాదించాడు. దానితో విశేషణంలోని ఆవు మరుగున పడింది. తెలుగులోని 'టీకా' హిందీ నుండి వచ్చినది. బొట్టు, గుర్తు అని దాని అర్థం. గ్రంథవ్యాఖ్య అయిన సంస్కృత 'టీకా' వేరు. ఇంగ్లీషు పేరు మందు పుట్టిన చోటును చెబితే, మన పేరు అది చేతిపై మిగిల్చిన మచ్చను గుర్తుకు తెస్తుంది.