ట్రాయ్‌కి ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

‘ఇది ట్రాయ్ నుంచి చేస్తున్న కాల్. మరో రెండు గంటల్లో మీ నంబర్ రద్దవుతుంది. వివరాలకు తొమ్మిది నొక్కండి.’ ఈమధ్య కాలంలో చాలామంది ట్రాయ్ అనే మాట మొదటిసారి విన్నది ఇలాంటి మోసపు కాల్‌లోనే. తాము ఎవరికీ ఫోన్ చేయమని, కనెక్షన్లు తొలగిస్తామని ఎవరినీ హెచ్చరించమని ట్రాయ్ పదేపదే ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ప్రకటన అక్షరాలా నిజం. మీ నంబర్‌ను తీసేసే పని ట్రాయ్‌ది కాదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ అంత గట్టిగా చెప్పరు. మీ బిల్లు తప్పు వస్తే సరిచేయించే పని కూడా ట్రాయ్‌ది కాదు.

ట్రాయ్ అంటే భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. 1997 నాటి చట్టంతో ఏర్పడింది. ప్రైవేటు కంపెనీలు టెలిఫోన్ రంగంలోకి వచ్చాక, లైసెన్సులు ఇచ్చేదీ ప్రభుత్వమే, పోటీలో ఉన్నదీ ప్రభుత్వమే అయినప్పుడు మధ్యలో తటస్థంగా ఒకరుండాలన్నది దాని పుట్టుకకు కారణం. మొదట్లో తగాదాలు తీర్చే అధికారం కూడా దానికే ఉండేది. లైసెన్సులిచ్చే టెలికాం శాఖతోనే పేచీలు వచ్చి కోర్టుల దాకా వెళ్లాక, 2000లో చట్టాన్ని సవరించి ఆ అధికారాన్ని టీడీశాట్ అనే ట్రైబ్యునల్‌కు ఇచ్చారు. 2004 జనవరిలో కేబుల్, ప్రసార సేవలను కూడా ట్రాయ్ పరిధిలోకి తెచ్చారు. ఫోన్ రీఛార్జికీ టీవీ చానళ్ల ధరకీ ఒకే సంస్థ నియమాలు రాయడం అప్పటి నుంచే.

టీడీశాట్‌కు కూడా ఒక్క వినియోగదారు వెళ్లలేడు. కంపెనీకీ కంపెనీకీ మధ్య, కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య, లేదా కంపెనీకీ వినియోగదారుల సమూహానికీ మధ్య ఉన్న వివాదాలే అక్కడికి వెళ్తాయి. విడి మనిషి ఫిర్యాదును వినియోగదారుల ఫోరాలకు వదిలేశారు. ట్రాయ్‌కి ఎవరైనా ఉత్తరం రాస్తే దాన్ని ఆ కంపెనీకే పంపుతుంది, అంతే.

ఎక్కాల్సిన మెట్లు

ఫోన్ వినియోగదారు దారిని 2012 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ఖరారు చేశాయి. మొదటి మెట్టు కంపెనీ ఫిర్యాదుల కేంద్రం. చాలా కంపెనీలకు 198కి చేస్తే వస్తుంది. అక్కడ ఫిర్యాదు నమోదైతే డాకెట్ నంబర్ ఇచ్చి తీరాలి. అది ఎస్ఎంఎస్‌గా వస్తుంది. కస్టమర్ కేర్‌లో మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది ఇది అడగకుండానే ఫోన్ పెట్టేస్తారు, ఆ తర్వాత తాము ఫిర్యాదు చేసినట్టు చూపడానికి ఏమీ మిగలదు. గడువులో పరిష్కారం కాకపోయినా, పరిష్కారం నచ్చకపోయినా రెండో మెట్టు అప్పీలు. దానికి 30 రోజుల గడువు ఉంది, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలు అధికారిని నియమించేది కూడా ఆ కంపెనీయే! ఆయనకు సలహా ఇచ్చే కమిటీలో వినియోగదారుల సంఘం ప్రతినిధి ఒకరు, కంపెనీ ప్రతినిధి ఒకరు ఉంటారు. అంతకుముందు రెండింటి మధ్య నోడల్ అధికారి అనే ఇంకో మెట్టు ఉండేది, 2012లో దాన్ని తీసేశారు. ప్రయాణం తగ్గింది గాని, రెండు మెట్లూ ఒకే ఇంట్లో ఉన్నాయన్న విషయం మారలేదు.

అక్కడా పని జరగకపోతే వినియోగదారుల కమిషన్. ఇప్పుడు తేలిగ్గా రాస్తున్న ఈ వాక్యం 13 ఏళ్లపాటు అనుమానంలో ఉంది. పాత టెలిగ్రాఫ్ చట్టం 7బి సెక్షన్ ప్రకారం బిల్లుల తగాదాలు మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలి గనుక వినియోగదారుల ఫోరానికి అధికారం లేదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మధ్యవర్తిని నియమించాల్సింది కేంద్ర ప్రభుత్వం. నాలుగైదు వందల బిల్లు కోసం కేంద్రం మధ్యవర్తిని వేయాలని ఎవరు కోరగలరు? ఆ తీర్పును చూపించి ప్రైవేటు కంపెనీలు కూడా ఫోరాల్లో అభ్యంతరాలు లేవనెత్తాయి.

అహ్మదాబాద్‌లో ఒక పోస్ట్‌పెయిడ్ వినియోగదారుకు సగటున నెలకు 555 రూపాయల బిల్లు వచ్చేది. 2013 చివర్లో ఒక నెల 24,609 రూపాయలు వచ్చింది. ఆయన 2014లో జిల్లా ఫోరానికి వెళ్తే, అసలు ఇక్కడికి రావడానికి వీల్లేదని కంపెనీ వాదించి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు వినియోగదారు పక్షాన తీర్పిచ్చింది. 7బి సెక్షన్ ఉన్నంత మాత్రాన ఫోరం తలుపులు మూసుకోవని స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవల నిర్వచనంలో టెలికాం పేరును నేరుగా చేర్చింది కూడా. బిల్లు ఎక్కువా కాదా అన్నది కాదు, ఎక్కడ అడగాలన్నది తేలడానికే ఎనిమిదేళ్లు పట్టింది.

ఇప్పుడైతే నివాసమున్న చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వాటికి రుసుము లేదు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి చూడటం మంచిది.

నియమాలతో రక్షణ

అలాగని ట్రాయ్ వల్ల ఉపయోగం లేదనుకుంటే పొరపాటు. దాని రక్షణ ఒక్కో మనిషికి విడిగా కాక, అందరికీ ఒకేసారి నియమం రూపంలో అందుతుంది. అడగకుండానే కాలర్ ట్యూన్లు, జాతకాలు అంటగట్టి బ్యాలెన్స్ కోసేసిన రోజులు గుర్తున్నవారికి ఆ తేడా తెలుస్తుంది. విలువ ఆధారిత సేవ మొదలుపెట్టాలంటే వినియోగదారు రెండోసారి కూడా ఒప్పుకోవాలని 2013లో ఆదేశించారు. 28 రోజుల ప్యాక్‌లతో ఏడాదికి 13 రీఛార్జిలు చేయించుకుంటున్నారన్న ఫిర్యాదుల మీద, 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా ఒకే తేదీన చేయించుకునే ప్యాక్ కనీసం ఒక్కోటైనా ఉంచాలని 2022లో చెప్పారు.

2024 డిసెంబరులో వచ్చిన సవరణ మరీ ముఖ్యమైనది. ఇంటర్నెట్ వాడని పెద్దవాళ్లు, రెండో సిమ్‌ను కాల్స్ కోసమే ఉంచుకునేవాళ్లు డేటాకు డబ్బు ఎందుకు కట్టాలన్న ప్రశ్నకు జవాబుగా, కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేక వోచర్ ఒకటైనా తప్పనిసరి చేశారు. అలాంటి వోచర్ల గరిష్ఠ వ్యవధిని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచారు. అయితే కంపెనీలు మొదట తెచ్చిన ప్యాక్‌లు చాలావరకు పాతవాటిలోంచి డేటా తీసేసినవే. ధర పెద్దగా తగ్గలేదు, విమర్శలొచ్చాక కొంత దించారు. దీనికి కారణం ఉంది. మొబైల్ ధరలను ట్రాయ్ నిర్ణయించదు, మార్కెట్‌కు వదిలేసింది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ వరసగా ధరలు పెంచినప్పుడు అది చూస్తూ ఉండటానికి కారణం కూడా అదే. ప్యాక్ ఉండాలని శాసించగలదు, ఎంతకు అమ్మాలో శాసించే అలవాటు మానుకుంది.

ధర నచ్చకపోతే వినియోగదారు చేతిలో ఉన్న అసలైన ఆయుధం నంబర్ మార్చకుండా కంపెనీ మారడం. 2010 నవంబరులో హర్యానాలో, 2011 జనవరిలో దేశమంతటా ఇది వచ్చింది. 2015 జులై నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లినా అదే నంబర్ ఉంచుకోవచ్చు. పోర్ట్ అని రాసి 1900కి ఎస్ఎంఎస్ పంపితే కోడ్ వస్తుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తై, బాకీలు లేకుండా ఉండాలి. సిమ్ దొంగిలించి నంబర్ కాజేసే మోసాలు పెరగడంతో, సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా కోడ్ ఇవ్వకూడదని 2024 జులై నుంచి నిబంధన పెట్టారు.

ప్రకటనల కాల్స్ విషయంలో 2007 నుంచి ఎన్ని రకాల జాబితాలు పెట్టినా బెడద తగ్గలేదు. 2025 ఫిబ్రవరి సవరణ ఫిర్యాదు గడువును మూడు రోజుల నుంచి ఏడుకు పెంచింది. నమోదు చేసుకోని నంబర్ల మీద కంపెనీ చర్య తీసుకోవాల్సిన గడువును 30 రోజుల నుంచి ఐదుకు తగ్గించింది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులొస్తే చాలు, చర్య మొదలవ్వాలి. ముందుగా డీఎన్‌డీలో పేరు నమోదు చేసుకోకపోయినా ఇలాంటి నంబర్ల మీద 1909కి ఫిర్యాదు చేయొచ్చు. సందేశం పంపినవారి పేరు చివర పి ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సేవ, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. డబ్బు పోగొట్టే మోసాలైతే మాత్రం 1909 కాదు, 1930కి చేయాలి.

టీవీ సంగతి కాస్త భిన్నం. అక్కడ ధరల్లో ట్రాయ్ చాలాకాలం గట్టిగా వేలు పెట్టింది. 2019 ఫిబ్రవరి నుంచి చానల్ వారీ ఎంపిక, నెట్‌వర్క్ రుసుముకు 130 రూపాయల పరిమితి తెచ్చింది. 2024 జులైలో ఆ పరిమితిని ఎత్తేసింది. చానల్‌లో ఏం చూపిస్తున్నారన్నది దాని పరిధి కాదు, సమాచార ప్రసార శాఖది. ఓటీటీల చందాలూ దాని చేతిలో లేవు.

కోరలు ఎంత?

2015 అక్టోబరులో ట్రాయ్ ఒక సాహసం చేసింది. కాల్ మధ్యలో తెగిపోతే వినియోగదారుకు రూపాయి, రోజుకు మూడు కాల్స్ దాకా, కంపెనీ చెల్లించాలంది. నేరుగా మనిషి ఖాతాలోకి పరిహారం వెళ్లే అరుదైన నియమం అది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రెండు శాతం దాకా కాల్స్ తెగడాన్ని అనుమతిస్తూ మీ నాణ్యతా నిబంధనలే ఉండగా, ప్రతి తెగిన కాల్‌కూ కంపెనీయే తప్పు చేసినట్టు ఎలా భావిస్తారన్నది కోర్టు అభ్యంతరం. ట్రాయ్ సాంకేతిక పత్రమే కొంత భాగం కాల్స్ వినియోగదారు వైపు కారణాలతో తెగుతాయని ఒప్పుకుంది మరి. తీర్పు తర్కంలో తప్పు లేదు, కాని ఆ నియమాన్ని సరిదిద్ది మళ్లీ తెచ్చే ప్రయత్నం జరగకపోవడమే విచారకరం. 2024 నాణ్యతా నిబంధనల్లో కొంత దారి దొరికింది. జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగితే పోస్ట్‌పెయిడ్‌కు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్‌కు వ్యాలిడిటీ పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది గనుక తుపానులతో టవర్లు పడిపోయే మన తీర జిల్లాలకు దీని వల్ల దక్కేది తక్కువే.

చట్టంలో రాసిన జరిమానాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ట్రాయ్ ఆదేశాన్ని మీరితే లక్ష రూపాయల దాకా, మళ్లీ మీరితే రెండు లక్షలు, కొనసాగితే రోజుకు మరో రెండు లక్షలు. అదీ కోర్టు విధించాలి. 2016లో జియోకు అనుసంధాన కేంద్రాలు ఇవ్వలేదని మూడు కంపెనీల మీద 3,050 కోట్ల జరిమానా వేయాలనుకున్నప్పుడు, ట్రాయ్ చేయగలిగింది టెలికాం శాఖకు సిఫార్సు పంపడమే.

ఈ లోటు ట్రాయ్‌కి తెలియనిది కాదు. బ్యాంకులకు, బీమాకు ఉన్నట్టే టెలికాంకు కూడా కంపెనీలతో సంబంధం లేని అంబుడ్స్‌మన్ ఉండాలని 2004లో ఒకసారి, 2017 మార్చిలో మరోసారి కేంద్రానికి సిఫార్సు చేసింది. పొరుగున పాకిస్తాన్‌లో కంపెనీ స్పందించకపోతే నియంత్రణ సంస్థ పీటీఏకే ఫిర్యాదు పెట్టొచ్చు. బంగ్లాదేశ్‌లో బీటీఆర్‌సీకి 100 నంబర్ ఉంది. అక్కడ సేవలు మనకన్నా మెరుగని కాదు గాని, వినేందుకు ఒక కిటికీ అయినా తెరిచి ఉంచారు. 2023 టెలికాం చట్టం ఆన్‌లైన్‌లో వివాదాలు తీర్చే ఏర్పాటు గురించి మాట్లాడింది, వినియోగదారుల చట్టం కింద ఉన్న హక్కు పోదని కూడా చెప్పింది. అంబుడ్స్‌మన్ అన్న మాట అందులో లేదు.